భూ రికార్డుల పరిరక్షణలో బ్లాక్‌చెయిన్ : వికేంద్రీకరణ, విశ్వాసం, భద్రతల మధ్య సమతూకం

గుంటూరు జిల్లా పొన్నూరులో వెలసిన శ్రీ భావనారాయణ స్వామివారికి సాక్షి భావనారాయణుడని పేరు. కాశీయాత్రలో ఇచ్చిన మాటను ఇంటికి చేరిన తరువాత కాదన్న వ్యక్తి ఎదుట, ఆ మాట నిజమేనని స్వామి స్వయంగా వచ్చి సాక్ష్యం పలికినట్లు స్థలపురాణం చెబుతుంది. ఇద్దరి మధ్య జరిగిన ఒప్పందానికి ఇద్దరికీ చెందని సాక్షి అవసరమన్నది ఈ కథలోని సారాంశం. భూమి క్రయవిక్రయాలలో ఈ అవసరం నేటికీ అంతే బలంగా ఉంది.

కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద మాగాణి సాగు జరిగే పొన్నూరు ప్రాంతంలో రైతు కుటుంబానికి ప్రధాన ఆస్తి భూమే. పంట రుణం, ఆడపిల్ల పెళ్లి, పిల్లల చదువు, అన్నదమ్ముల పంపకం, వీటన్నింటికీ ఆ భూమి రికార్డే ఆధారం. రికార్డులో ఒక అక్షరం మారినా, సర్వే నంబరు పక్కన విస్తీర్ణం కొన్ని సెంట్లు తగ్గినా ఆ కుటుంబం ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. అందుచేత రికార్డును ఎవరూ రహస్యంగా మార్చలేని విధంగా భద్రపరచే సాంకేతిక విధానంగా బ్లాక్‌చెయిన్‌పై ప్రభుత్వాలు దృష్టి సారించాయి. ఈ విధానం ఏమి చేయగలదు, ఏమి చేయలేదు, దానిని అమలు చేసే ముందు తేల్చుకోవలసిన అంశాలేమిటి అన్నవి ఈ వ్యాసంలో వివరించబడినవి.

కరణం దస్త్రం నుండి కంప్యూటర్ వరకు

ఒకప్పుడు గ్రామ భూముల లెక్కలు కరణం వద్ద ఉండేవి. ఏ గట్టు ఎవరిదో, ఏ చేను ఎవరి అనుభవంలో ఉందో కరణం దస్త్రమే చెప్పేది. విశ్వాసం మొత్తం ఒక వ్యక్తిపై, ఒక పెట్టెలోని కాగితాలపై ఆధారపడి ఉండేది. 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ద్వారా హక్కుల రికార్డుకు చట్టబద్ధత కల్పించబడింది. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. ఆ తరువాత గ్రామ రికార్డుల నిర్వహణ ప్రభుత్వ ఉద్యోగుల చేతికి వచ్చింది.

1998లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్-రిజిస్ట్రారు కార్యాలయాల కంప్యూటరీకరణకు ‘కార్డ్’ పథకం ప్రారంభమైంది. దస్తావేజు నకలుకు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌కు రోజుల తరబడి వేచి ఉండే పరిస్థితి దీనితో తగ్గింది. 2015లో ‘మీ భూమి’ పోర్టల్ ద్వారా అడంగల్, 1-బి వివరాలను రైతులు ఇంటి వద్ద నుండే చూసుకొనే వీలు కలిగింది.

కంప్యూటరీకరణ వలన వేగం, పారదర్శకత పెరిగాయి. అయితే విశ్వాసం మాత్రం ఒకచోటనే ఉండిపోయింది. గతంలో కరణం పెట్టెలో ఉన్నది ఇప్పుడు ఒక కేంద్ర డేటాబేస్‌లోకి చేరింది. ఆ డేటాబేస్‌లో మార్పు చేసే అధికారం గల వ్యక్తి గాని, ఆ వ్యక్తి పాస్‌వర్డ్ సంపాదించిన మరొకరు గాని నమోదును మార్చితే పట్టాదారుకు వెంటనే తెలిసే అవకాశం తక్కువ. కాగితాల విషయంలోనూ ఇదే ప్రమాదం ఉంది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్-కలెక్టరు కార్యాలయంలో చెలరేగిన మంటలలో రెవెన్యూ ఫైళ్లు దగ్ధమయ్యాయి. ఒకే గదిలో ఉన్న కాగితానికి అగ్ని, చెద, తుపాను ముప్పు ఎప్పుడూ ఉంటుందని సముద్రతీర డెల్టా ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు.

బ్లాక్‌చెయిన్ అనగా ఏమిటి?

బ్లాక్‌చెయిన్ అనగా ఒకే చిట్టాను అనేక కంప్యూటర్లలో ఏకకాలంలో నిర్వహించే విధానం. ఈ కంప్యూటర్లను నోడ్‌లు అంటారు. కొన్ని నమోదులను కలిపి ఒక బ్లాకుగా చేస్తారు. ఆ బ్లాకులోని సమాచారాన్ని గణిత సూత్రం ద్వారా ఒక నిర్ణీత పొడవు గల సంకేతంగా మారుస్తారు. దీనిని హాష్ అంటారు. విరివిగా వాడుకలో ఉన్న ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఈ సంకేతం పొడవు 256 బిట్లు. ఒక పేజీ సమాచారానికైనా, వేయి పేజీల సమాచారానికైనా సంకేతం పొడవు ఒకటే. దీనిని సమాచారపు వేలిముద్రగా భావించవచ్చు.

ఉదాహరణకు, ఒక నమోదులో ‘1 ఎకరం 20 సెంట్లు’ అని ఉన్నదానిని ‘1 ఎకరం 21 సెంట్లు’ అని మార్చినట్లయితే సంకేతం పూర్తిగా మారిపోతుంది. ప్రతి బ్లాకులోనూ దాని ముందు బ్లాకు సంకేతం చేర్చబడి ఉంటుంది కనుక, పాత బ్లాకులో చేసిన మార్పు ఆ తరువాతి బ్లాకులన్నింటిలో బయటపడుతుంది. దస్తావేజులో ప్రతి పేజీకి వరుస సంఖ్య వేసి, సంతకం చేసి, నడుమ ఒక పేజీ మార్చడానికి వీలులేకుండా చేసే పద్ధతికి ఇది కంప్యూటర్ రూపం.

ఈ ఆలోచన బిట్‌కాయిన్ కంటె పాతది. పత్రాల తేదీలను ఎవరూ వెనుకకు జరపలేని విధంగా సంకేతాలను గొలుసుగా అల్లే పద్ధతిని 1991లో స్టూవర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. వారు నెలకొల్పిన సంస్థ 1995 నుండి అటువంటి సంకేతాన్ని న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ప్రకటనగా ముద్రింపజేసింది. పత్రిక ప్రతులు వేలాది ఇళ్లకు చేరిన తరువాత ఆ సంకేతాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. 2008లో సతోషి నకమోటో పేరుతో వెలువడిన పత్రం ఈ గొలుసును కేంద్ర అధికారి లేని నగదు వ్యవస్థకు అన్వయించింది. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదటి బ్లాకు ఏర్పడింది.

సాక్షుల సంఖ్య, సాక్షుల స్వతంత్రత

బ్లాక్‌చెయిన్ వ్యవస్థలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో ఎవరైనా నోడ్‌ను నెలకొల్పవచ్చు. బిట్‌కాయిన్, ఇథీరియం ఈ కోవకు చెందినవి. రెండవ రకంలో అనుమతి పొందిన సంస్థలు మాత్రమే నోడ్‌లను నిర్వహిస్తాయి. ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు సాధారణంగా ఈ రెండవ రకాన్ని ఎంచుకుంటున్నాయి.

మొదటి రకంలో వికేంద్రీకరణ ఎక్కువ, వేగం తక్కువ. బిట్‌కాయిన్‌లో సగటున 10 నిమిషాలకు ఒక బ్లాకు ఏర్పడుతుంది. సెకనుకు సుమారు 7 లావాదేవీలకు మించి నమోదు కావు. రెండవ రకంలో వేగం ఎక్కువ, ఖర్చు తక్కువ, అయితే సాక్షులు కొద్దిమందే. వికేంద్రీకరణ, భద్రత, విస్తృత స్థాయిలో వేగం అనే మూడింటినీ ఒకేసారి పూర్తిస్థాయిలో సాధించడం కష్టమని ఇథీరియం రూపకర్త విటాలిక్ బుటెరిన్ పేర్కొన్న విషయం ఈ రంగంలో అందరికీ తెలిసినదే.

ఎందరు సాక్షులుంటే చాలునన్న ప్రశ్నకు గణితశాస్త్రం సమాధానం చెప్పింది. 1982లో లెస్లీ లాంపోర్ట్, రాబర్ట్ షోస్టాక్, మార్షల్ పీజ్ వెలువరించిన పరిశోధన పత్రం ప్రకారం, ఒక సభ్యుడు మోసం చేసినా మిగిలినవారు సరైన నిర్ణయానికి రావాలంటే మొత్తం కనీసం 4 మంది సభ్యులుండాలి. ఇద్దరు మోసగాళ్లను తట్టుకోవాలంటే 7 మంది, ముగ్గురినైతే 10 మంది కావాలి. అనుమతి ఆధారిత వ్యవస్థలలో అనేకం ఈ సూత్రంపై ఆధారపడి ఉన్నాయి.

అయితే సంఖ్య ఒక్కటే చాలదు. 2022 మార్చిలో రోనిన్ అనే వ్యవస్థలో జరిగిన దోపిడీ ఇందుకు నిదర్శనం. అందులో 9 నోడ్‌లు ఉండగా, వాటిలో 5 ఆమోదిస్తే సొమ్ము బదిలీ అయ్యేది. ఆ తొమ్మిదింటిలో నాలుగింటి తాళాలు ఒకే సంస్థ వద్ద ఉన్నాయి. మరొక నోడ్ తరఫున సంతకం చేయడానికి ఆ సంస్థకు అంతకుముందు తాత్కాలికంగా ఇచ్చిన అనుమతి రద్దు కాలేదు. ఒక సంస్థలోకి చొరబడిన దుండగులకు ఐదు సంతకాలు లభించాయి. సుమారు 62 కోట్ల డాలర్ల విలువైన సొమ్ము తరలిపోయింది. ఆరు రోజుల తరువాత గాని విషయం బయటపడలేదు. కాగితంపై తొమ్మిది మంది సాక్షులున్నప్పటికీ, వాస్తవంలో ఒకే ఇంటివారు ఐదు సంతకాలు పెట్టగల పరిస్థితి అక్కడ నెలకొన్నది.

ఈ సూత్రాన్ని పొన్నూరు మండలానికి అన్వయించి చూడవచ్చు. పొన్నూరు సబ్-రిజిస్ట్రారు, తహసీల్దారు, తెనాలిలోని డివిజన్ కార్యాలయం, గుంటూరులోని కలెక్టరేట్, ఈ నాలుగు చోట్లా నోడ్‌లు నెలకొల్పినట్లు ఊహిద్దాం. సాక్షులు నలుగురు కనబడతారు. కాని తహసీల్దారు, డివిజన్ అధికారి, కలెక్టరు ఒకే శాఖలో ఒకరి ఆదేశాలకు మరొకరు లోబడి పనిచేసేవారు. పైగా నాలుగు నోడ్‌లూ ఒకే డేటా కేంద్రంలో, ఒకే సాంకేతిక నిర్వాహకుని పర్యవేక్షణలో ఉన్నట్లయితే, ఆ నలుగురిని ఒక్క సాక్షిగానే లెక్కించవలసి ఉంటుంది. అదే చిట్టాలో భూమిపై రుణమిచ్చిన బ్యాంకులు, సర్వే శాఖ, న్యాయస్థానం తమ తమ నోడ్‌లను తామే నిర్వహించినప్పుడు సాక్ష్యానికి బలం చేకూరుతుంది. బ్యాంకుకు తన తనఖా చెక్కుచెదరకుండా ఉండాలి; న్యాయస్థానానికి తన ఉత్తర్వు అమలు కావాలి. ప్రయోజనాలు వేరైనవారు ఏకమై మోసం చేయడం కష్టం.

అందరికీ ప్రవేశమున్న వ్యవస్థలకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. పాల్గొనేవారు తక్కువగా ఉన్న ఇథీరియం క్లాసిక్‌లో 2019 జనవరిలోను, 2020 ఆగస్టులోను కొందరు సగానికి మించిన గణన శక్తిని చేజిక్కించుకొని, అప్పటికే జరిగిన లావాదేవీలను తిరగరాయగలిగారు. బ్లాక్‌చెయిన్ అన్న పేరు ఉన్నంత మాత్రాన భద్రత సమకూరదని దీనివలన స్పష్టమవుతోంది.

మొదటి నమోదు సరియైనదేనా?

బ్లాక్‌చెయిన్ ఒక్క విషయానికి మాత్రమే హామీ ఇస్తుంది. నమోదైన సమాచారం నమోదైన తరువాత మారలేదని అది చూపగలదు. నమోదైన సమాచారం నిజమని మాత్రం చెప్పలేదు. ఈ భేదం భూమి విషయంలో అత్యంత కీలకమైనది.

మన దేశంలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే, హక్కు కాదు. అమ్మినవారికి ఆ భూమిపై వాస్తవంగా హక్కు ఉన్నదని రిజిస్ట్రేషన్ హామీ ఇవ్వదు. రెవెన్యూ రికార్డులోని పేరు కూడా తప్పని రుజువు చేసేంతవరకే చెల్లుబాటు అవుతుంది. సుమారు నూరేళ్ల నాటి సర్వే కొలతలకు, నేడు పొలంలో ఉన్న గట్లకు తేడా ఉండవచ్చు. తాతగారి పేరున ఉన్న పట్టా మనుమల అనుభవంలో ఉండవచ్చు. నిషేధిత జాబితాలో పొరపాటున చేరిన సర్వే నంబర్లు ఉండవచ్చు. ఈ తప్పులను యథాతథంగా బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కించినట్లయితే, తప్పుకు చెరగని ముద్ర వేసినట్లవుతుంది. అందువలన భూముల కొలత, గ్రామసభలో రికార్డు చదివి వినిపించడం, అభ్యంతరాల స్వీకరణ, విచారణ పూర్తయిన తరువాతనే నమోదు జరగాలి. రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న ప్రారంభమైన సమగ్ర భూ సర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ ఆధారిత స్థాన నిర్ధారణ కేంద్రాలు వినియోగించబడినవి. కొలత ఎంత ఖచ్చితమైనదైనా, ఇరుగుపొరుగు రైతులు హద్దు వద్ద నిలబడి అంగీకరించినప్పుడే అది వివాదరహితమవుతుంది.

తప్పును సరిదిద్దే మార్గం

మార్చలేని రికార్డు మంచిదే. తప్పు రికార్డు మార్చలేనిదైతే అది అన్యాయం. ఈ రెండింటి మధ్య మార్గం ఏర్పరచడం చట్టం బాధ్యత.

ఇథీరియం చరిత్రలోనే ఇటువంటి సందర్భం వచ్చింది. 2016 జూన్‌లో ‘ది డావో’ అనే ఉమ్మడి నిధి నుండి, ప్రోగ్రాంలోని లోపం ఆధారంగా సుమారు 36 లక్షల ఈథర్ నాణేలు తరలించబడ్డాయి. నియమం ప్రకారం ఆ నమోదును మార్చరాదు. అయినను మెజారిటీ సభ్యులు 2016 జూలై 20న చిట్టాను మార్చి సొమ్మును వెనుకకు రప్పించారు. అంగీకరించనివారు పాత చిట్టాతోనే ఇథీరియం క్లాసిక్‌గా కొనసాగారు. కంప్యూటర్ నియమానికి పైన మనుషుల నిర్ణయం ఉంటుందని ఆనాడు రుజువైంది. ఆ నిర్ణయం ఎవరు, ఏ పద్ధతిలో తీసుకోవాలన్నది ముందుగా నిర్దేశించకపోతే చీలిక తప్పదు.

తెలుగు రాష్ట్రాల అనుభవం కూడా ఇదే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం 2023 అక్టోబరు 31 నుండి అమలులోకి వచ్చింది. యాజమాన్య వివాదాలు సివిల్ కోర్టుల పరిధి నుండి అధికారుల చేతికి మారుతాయని న్యాయవాదులు ఆందోళన వ్యక్తం చేశారు. 2024 జూలైలో ఆ చట్టం రద్దు బిల్లును శాసనసభ ఆమోదించింది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్ స్థానంలో, అప్పీలు చేసుకొనే ఏర్పాట్లతో కూడిన భూభారతి చట్టం 2025లో వచ్చింది. తనకు అన్యాయం జరిగిందని భావించిన రైతు ఎవరి వద్దకు వెళ్లాలన్న ప్రశ్నకు సమాధానం లేనిదే ఏ రికార్డూ ప్రజల విశ్వాసం పొందజాలదు.

సాంకేతికంగా దీనికి పరిష్కారం ఉంది. పాత నమోదును చెరిపివేయకుండా, న్యాయస్థానం లేదా అధీకృత అధికారి ఉత్తర్వు సంఖ్యతో దిద్దుబాటును కొత్త నమోదుగా చేర్చవచ్చు. ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుతో, ఏ కారణంగా మార్పు జరిగిందో శాశ్వతంగా నిలిచి ఉంటుంది.

గోప్యత, తాళం చెవుల సంరక్షణ

బ్లాక్‌చెయిన్‌లో ప్రతి నమోదుకు డిజిటల్ సంతకం అవసరం. ఆ సంతకం చేయగల రహస్య సంఖ్యను ప్రైవేట్ కీ అంటారు. బిట్‌కాయిన్ వంటి వ్యవస్థలో ఈ కీ పోగొట్టుకున్నవారు ఆస్తిని శాశ్వతంగా కోల్పోతారు. భూమి విషయంలో ఇది ఆమోదయోగ్యం కాదు. పట్టాదారు మరణిస్తే వారసులకు హక్కు సంక్రమించాలి; ఫోను పోయినంత మాత్రాన పొలం పోకూడదు. కాబట్టి గుర్తింపు నిర్ధారణ అనంతరం కొత్త కీ జారీ చేసే అధికారం ఒక సంస్థకు ఉండక తప్పదు. ఆ అధికారం దుర్వినియోగం కాకుండా కనీసం ఇద్దరు అధికారుల ఆమోదం, పట్టాదారుకు ముందస్తు సమాచారం, అభ్యంతరానికి గడువు ఉండాలి.

వ్యక్తిగత వివరాలను నేరుగా చిట్టాలో ఉంచడం తగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పౌరులకు తమ వివరాలను సరిచేయించుకొనే, తొలగింపజేసుకొనే హక్కు కల్పించింది. చెరపడానికి వీలులేని చిట్టాలో ఇది సాధ్యం కాదు. అందుచేత అసలు పత్రాలను వేరే భద్రపరచి, వాటి సంకేతాలను మాత్రమే చిట్టాలో చేర్చడం శ్రేయస్కరం. ఇక్కడ కూడా జాగ్రత్త అవసరం. ఆధార్ సంఖ్యలో ఉన్నవి 12 అంకెలే కనుక, కంప్యూటర్ అన్ని సంఖ్యలనూ ప్రయత్నించి సంకేతం వెనుక ఉన్న సంఖ్యను కనుగొనగలదు. సంకేతం రూపొందించే ముందు రహస్యమైన అదనపు అక్షరాలను జోడించడం తప్పనిసరి.

చేపట్టిన ప్రయత్నాలు

జార్జియా దేశపు పబ్లిక్ రిజిస్ట్రీ సంస్థ 2016లో బిట్‌ఫ్యూరీ సంస్థ సహకారంతో భూమి హక్కు పత్రాల సంకేతాలను బిట్‌కాయిన్ గొలుసులో నమోదు చేసే ప్రాజెక్టును చేపట్టింది. రికార్డు ప్రభుత్వం వద్దనే ఉంటుంది. దాని వేలిముద్ర మాత్రం ప్రభుత్వం కూడా మార్చలేని చోట ఉంటుంది. రెండు రకాల వ్యవస్థలలోని మేలును కలిపిన ఈ మధ్యేమార్గం గమనార్హమైనది.

ఆంధ్రప్రదేశ్‌లో 2017లో విశాఖపట్నం కేంద్రంగా ఆర్థిక సాంకేతిక రంగాన్ని ప్రోత్సహిస్తున్న సమయంలో, స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో కలిసి భూ రికార్డులలో బ్లాక్‌చెయిన్ ప్రయోగాన్ని చేపట్టనున్నట్లు ప్రకటించడం జరిగింది. దేశంలో ఈ విషయమై తొలి అడుగులు వేసిన రాష్ట్రాలలో ఇది ఒకటి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ 2021 డిసెంబరులో జాతీయ బ్లాక్‌చెయిన్ వ్యూహ పత్రాన్ని వెలువరించింది. 2024 సెప్టెంబరు 4న ‘విశ్వస్య’ పేరుతో జాతీయ వేదికను ప్రారంభించింది. ఈ వేదిక భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలోని జాతీయ సమాచార కేంద్రం డేటా కేంద్రాలలో నెలకొని ఉంది. మూడు నగరాలలో ఉండటం అగ్ని, వరద వంటి ప్రమాదాల నుండి రక్షణ ఇస్తుంది. నిర్వాహక సంస్థ ఒక్కటే కనుక, సాక్షుల స్వతంత్రతను బయటి సంస్థల నోడ్‌ల ద్వారా వేరుగా సమకూర్చుకోవలసి ఉంటుంది.

పట్టాదారులు గమనించవలసిన విషయాలు

ఏ సాంకేతిక విధానం వచ్చినప్పటికీ భూమికి మొదటి సాక్షి భూయజమానియే. భూమి కొనుగోలు చేసేవారు లింకు దస్తావేజులను, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను, 1-బి, అడంగల్‌లను సరిపోల్చుకోవాలి. 1983 నుండి జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు కంప్యూటర్‌లో లభిస్తాయి. అంతకు పూర్వపు లావాదేవీల కొరకు సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలోని పాత పుస్తకాలను వెతికించుకోవాలి. నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉన్నదీ లేనిదీ పరిశీలించాలి. పొలం వద్దకు స్వయంగా వెళ్లి హద్దులు, అనుభవం విచారించాలి. ఏటా కనీసం ఒకసారి తమ రికార్డును చూసుకొని, తేడా ఉన్నట్లయితే వెంటనే తహసీల్దారుకు వ్రాతపూర్వకంగా తెలిపి రసీదు పొందాలి. ఫోనుకు వచ్చే ఓటీపీని ఎవరికీ తెలియజేయరాదు.

బ్లాక్‌చెయిన్ రికార్డుకు కాపలా కాయగలదు గాని, రికార్డులో ఏమి వ్రాయాలో నిర్ణయించలేదు. సరియైన కొలత, బహిరంగ విచారణ, ఒకరికొకరు లోబడని సాక్షులు, తప్పు దిద్దుకొనే చట్టబద్ధమైన మార్గం, ఈ నాలుగూ సమకూరిన చోట ఈ విధానం రైతు హక్కుకు బలం చేకూరుస్తుంది. ఇవి కొరవడిన చోట అది ఖరీదైన మరొక డేటాబేస్‌గా మిగిలిపోతుంది.